వానదా తప్పు, అతుకుదా?

ఈసారి పోస్టు పొడుగైంది. చాయ్ పక్కన పెట్టుకొని చదివితే చల్లారిపోతది, తాగేసి కూర్చోండి.

మేమంటే పాతబస్తీల ఒక హాస్టల్, మూడో అంతస్తు, ఒకే గదిల ఉండే ఆరుగురం. ఇద్దరు గోండులు, ఒక కోయ, ఒక చెంచు, ఇద్దరు లంబాడీలు. మా ఆరిళ్ళల్ల కాలేజి గడప తొక్కింది మేమే మొదలు. కిరాయి బిల్డింగు కాబట్టి మెట్లు ఇరుకు, నీళ్ళు పొద్దున్నే అయిపోతయి. కానీ మిద్దె బాగుంటది. బట్టలారేసే కాడ నిలబడితే చార్మినార్ మినార్లు రెండు కనబడతయి, మిగిలిన రెండు ఒక నీళ్ళ ట్యాంకు వెనక ఉంటయి. రాత్రి శంషాబాద్ దిక్కు దిగే విమానాల లైట్లు చూసుకుంట చదువుకుంటం. చదువుకుంటం అని ఇంటికి చెప్తం.

పోయిన సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చినప్పుడు మా ఆరుగుర్ల నలుగురికి బ్యాక్‌లాగులు. ఎకనామిక్స్‌ల ముగ్గురు, ఇంగ్లీష్‌ల ఇద్దరు, అంటే ఒకడు రెండింట్లనూ. మార్కుల మెమోల కోసం స్టాఫ్ రూం బయట నిలబడ్డం. లోపల ఒక సార్ ఇంకో సార్‌తోని అంటున్నడు: "వీళ్ళను ఏమనలేం. వీళ్ళు వచ్చిన వాతావరణమే అంత."

ఆ సార్ చెడ్డ మనిషి కాదు. తిట్టలేదు, జాలిపడ్డడు. తిడితే కోపం తెచ్చుకొని పోయేటోళ్ళం. జాలిపడితే ఏం చెయ్యాలె? మెమోలు తీసుకొని వచ్చినం. ఆ రోజు గదిల ఎవ్వలం ఎక్కువ మాట్లాడలేదు.

తర్వాత నెలకు హిస్టరీల సెమినార్ పెట్టిండ్రు. "రెండో ప్రపంచ యుద్ధంల హైదరాబాద్". ఒక టీం రైల్వే తీసుకుంది, ఒక టీం హాలీ సిక్కా రూపాయి తీసుకుంది, ఒకరు తిండి గింజల కరువు. మేం లేటుగ పోయినం కాబట్టి మిగిలింది విమానాలు. వెనక బెంచి నుంచి ఎవడో అన్నడు, "అడివోళ్ళకు గాలిమోటరు ఇచ్చిండ్రురా". క్లాసంత నవ్వింది. మేం కూడ నవ్వినం, అట్ల నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతరు కదా.

ఎక్కడ మొదలుపెట్టాల్నో తెల్వక పురానీ హవేలీకి పోయినం, నిజాం మ్యూజియం అక్కడనే ఉంటది. మొదటిసారి శుక్రవారం పోయి గేటుకు తాళం చూసి వచ్చినం. రెండోసారి లోపలికి పోయినం. ఆరో నిజాం బట్టల బీరువా చూసినం, అది బీరువా కాదు, ఒక వీధి. చేతితోని లాగే లిఫ్టు చూసినం. ఏడో నిజాంకు జూబ్లీకి వచ్చిన కానుకలు చూసినం. మాకు కావల్సిన విమానం సంగతి మాత్రం దొరకలేదు. బయట చాయ్ కొట్టు చాచాను ఊరికే అడిగినం. "నిజాం కా హవాయీ జహాజ్? వో లండన్ మే పూఛో బేటా," అని నవ్విండు.

ఆయన పరాచికానికి అన్నడు గానీ అది నిజమే. మొదటి ప్రపంచ యుద్ధంల ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వాళ్ళకు ఒక పూర్తి విమాన దళానికి డబ్బులిచ్చిండు. అది 110వ స్క్వాడ్రన్. విమానాలు డీహెచ్ 9ఏ రకం, ఒక్కోదాని మీద ఇది హైదరాబాద్ నిజాం ఇచ్చిన కానుక అని రాసి ఉండేది. అప్పట్నించి ఆ దళం పేర్లనే "హైదరాబాద్" చేరింది. వాటిల్ల ఒకటి 1918 అక్టోబర్‌ల జర్మనీ మీదికి పోయి అక్కడనే దిగాల్సొచ్చింది. జర్మన్లు పట్టుకొని మ్యూజియంల పెట్టుకున్నరు. అది బెర్లిన్ నుంచి పోలండ్‌కు చేరి, చివరికి 1977ల ఇంగ్లండుకు వచ్చింది. ఇప్పుడు లండన్ల రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంల ఉన్నది. మన రాజ్యం పైసల గాలిమోటరు ఒకటి కూలి కూడ బతికి ఉన్నదన్నమాట, చూడాలంటే వీసా కావాలె.

రెండో యుద్ధం వచ్చేసరికి "హైదరాబాద్" పేరున్న దళాలు మూడు: 110, 152, 253. 1940 ఎండాకాలం నుంచి ఇంగ్లండు ఆకాశంల జర్మన్ విమానాలతోని కొట్లాట జరిగినప్పుడు 152 దగ్గర స్పిట్‌ఫైర్‌లు, 253 దగ్గర హరికేన్‌లు. ఇది చదివినప్పుడు మా ఉట్నూరు దోస్తు పుస్తకం మూసిండు. 1940 అంటే వానికి ఒక్కటే గుర్తుకొస్తది: జోడేఘాట్. పోడు భూమి కోసం, పశువుల మేపు మీద పన్నులకు ఎదురుతిరిగి కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు చనిపోయిన ఏడు. అక్కడ ఆకాశంల హైదరాబాద్ పేరు, ఇక్కడ అడవిల హైదరాబాద్ తుపాకి. నిజాం ఇచ్చిన డబ్బు నిజాం దున్ని పండించింది కాదు గదా. జంగ్లాతోడు మన తాతల దగ్గర వసూలు చేసిన జరిమానాలు కూడ ఆ ఖజానాలకే పోయినయి. ఏ పైస ఏ విమానానికి పోయిందో ఎవ్వలు లెక్కగట్టలేరు. మా దోస్తు మాత్రం "రెక్కల ఒక మేకు మనదే ఉంటది" అన్నడు. ఉంచుకోనీ.

ఇగ అసలు సంగతి. 110వ దళం 1942ల ఇటు మన దిక్కు వచ్చింది. బర్మాల జపాన్ వాళ్ళ మీద వెంజియెన్స్ అనే డైవ్ బాంబర్లతోని కొట్లాడింది. 1944 ఆఖరుకు వాటిని దించి కొత్తయి తీసుకున్నది. వాటి పేరు మస్కిటో. దోమ. పేరు చదివి గదంత నవ్వినం, హాస్టల్‌ల దోమల సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

మస్కిటో మీద మేం మూడు రోజులు పడ్డం. ఎందుకంటే అది కర్ర విమానం. యుద్ధంల ఇనుము, అల్యూమినియం కరువు. కుర్చీలు, పియానోలు చేసే కార్ఖానాలు ఖాళీగ ఉన్నయి. కాబట్టి ఇంగ్లండు వాళ్ళు కర్రతోని కట్టిండ్రు. పెట్టె భాగం రెండు చెక్కలుగా, చిక్కుడుకాయను మధ్యకు చీల్చినట్టు చేసి, రెండూ కలిపి అతికిస్తరు. పైన లోపల బర్చ్ చెట్టు పల్చటి పొరలు, మధ్యల బాల్సా. బాల్సా అంటే దక్షిణ అమెరికాల ఈక్వడార్ అడవుల నుంచి వచ్చే మహా తేలిక కర్ర. మేకులకంటే జిగురు మీదనే భారం. మొదట్ల పాల విరుగుడుతోని చేసే జిగురు వాడిండ్రు, తేమకు బూజు పడుతుందని తర్వాత రసాయనాల జిగురు వాడిండ్రు. రెండు ఇంజన్లు, పక్కపక్కన ఇద్దరు మనుషులు, పైలట్, దారి చూసేటోడు. ఐరోపాల దాన్ని మించిన స్పీడు విమానాలు కొన్నే.

ఇక్కడికొచ్చినంక అవి ఇరిగిపోవుడు మొదలైంది. శత్రువు కొట్టి కాదు. 1944 మేల 45వ స్క్వాడ్రన్ కమాండర్ స్టమ్ నడిపిన మస్కిటో గాల్లనే ముక్కలై, ఆయనా ఆయన పక్కనోడూ చనిపోయిండ్రు. అక్టోబర్‌ల 82వ స్క్వాడ్రన్‌ల కూడ అట్లనే రెక్కలు ఊడినయి. నవంబర్‌ల ఇండియా, బర్మా దిక్కున్న మస్కిటోలన్నీ నేల మీదనే నిలబెట్టిండ్రు. మన 110వ దళం వాటిని చేతికి తీసుకుంటున్న రోజులు అవే.

ఎందుకు విరుగుతున్నయి? అందరి నోటికి మొదట వచ్చిన జవాబు: వాతావరణం. ఈ దేశపు ఎండ, ఈ దేశపు వాన, ఈ గాలిల తేమ. జిగురు కరిగిందన్నరు. కంపెనీ నుంచి వచ్చిన బృందం విమానాలు చూసి, జిగురు మంచిగనే ఉన్నది, వానకాలంల కర్ర ముడుచుకొని అతుకు ఇడిసింది అన్నది. అంటే మళ్ళ వాతావరణమే.

ఈ లైను గట్టిగ చదివింది మా అచ్చంపేట దోస్తు. చదివి ఆగిండు. గదిల అందరం ఒకల మొహం ఒకలం చూసుకున్నం. స్టాఫ్ రూం బయట నిలబడ్డది ఆరుగురికీ గుర్తుకొచ్చింది.

అప్పుడు మా ఉట్నూరోడు అన్నడు, "వానకు కర్ర ముడుచుకోదురా, ఉబ్బుతది. ఎండకు ముడుచుకుంటది. ఆ ఉబ్బుడు, ముడుచుకునుడు ఎప్పుడూ ఉండేదే. అది తెల్సే అతుకు కొట్టాలె." వాళ్ళ తాత ఊర్ల నాగళ్ళు చేస్తడు. పచ్చి కర్రతోని ఎన్నడు చెయ్యడట. కొట్టిన మాను నీడల పెట్టి ఎండనిస్తడు, ఏడాది పట్టినా పట్టనీ. మేడికీ దుంపకూ అతుకు కొట్టేటప్పుడు వేలు పెట్టి చూస్తడు, సందు తగిలితే మళ్ళ చెక్కుతడు. సందుల చీలిక దూరిస్తే నాలుగు రోజులు నిలబడతది, తొలకరిల ఊడతది అంటడట. ఊడినప్పుడు మనిషి చేతిని తిడతరు తప్ప వానను తిట్టరు. వాన కోసమే గదా నాగలి చేసింది.

లైబ్రరీల ఇంకా రెండు రోజులు కూర్చున్నం, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీల. నయాపూల్ దాటితే అదే, నడిచే పోతం, పది రూపాయలు మిగులుతయి. అక్కడ, కొంత ఫోన్ల, మిగతా కథ దొరికింది. తర్వాత రెక్కలను విప్పి చూసి ఎంక్వైరీ చేసిండ్రు. కొన్ని కార్ఖానాల్ల కట్టిన రెక్కల్ల అతుకులే సక్కగ కలవలేదు. రెక్కను మోసే దూలానికీ పైన పొరకూ మధ్యల సందులున్నయి. జిగురు ఉన్నది కానీ రెండు చెక్కలు ఒకదాన్నొకటి తాకకపోతే జిగురు దేన్ని పట్టుకుంటది? పని హడావుడిల నాసిగ జరిగింది. ఎండావానా ఆ సందును పెద్దది చేసినయి, అంతే. రెక్క అతుకు పొడుగునా పల్చటి ప్లైవుడ్ పట్టీ అతికించి సందును మూసిండ్రు, పనిని గట్టిగ చెక్ చెయ్యడం పెట్టిండ్రు.

1945ల 110వ దళం ఆ మస్కిటోలతోనే బర్మా మీద ఎగిరింది. అదే ఎండ. అదే వానకాలం. ఆగస్టు 20న, జపాన్ లొంగిపోతున్నమని ప్రకటించిన అయిదు రోజులకు, బర్మాల ఇంకా కొట్లాడుతున్న జపాన్ సైనికుల మీద బాంబులేసింది ఆ దళమే. రాయల్ ఎయిర్ ఫోర్స్‌కు ఆ యుద్ధంల ఆఖరి దాడుల్ల అది ఒకటని చెప్తరు. 1939 సెప్టెంబర్ 4న, బ్రిటిష్ వాళ్ళు యుద్ధంల దిగిన రెండో రోజు, జర్మనీ ఓడల మీద జరిగిన మొట్టమొదటి దాడిల పోయింది కూడ ఆ దళమే. ఆ ఆరేళ్ళు ఎగిరినోళ్ళల్ల చానామందికి ఇరవై, ఇరవై రెండేళ్ళు. మా ఈడు.

ఇది రాసుకుంటుంటే మేం మా మెమోలు కూడ పక్కన పెట్టుకున్నం. పెట్టుకోవాలని పెట్టుకోలేదు, టేబుల్ మీదనే ఉన్నయి. మా సందులు ఏడున్నయో చూసుకున్నం. ఎకనామిక్స్ పోయిన ముగ్గురిల ఇద్దరు చదివిన ఆశ్రమ పాఠశాలల్ల తొమ్మిది, పది తరగతుల్ల లెక్కల టీచర్ లేడు, పీఈటీ సారే లెక్కలు చెప్పిండు, పాపం ఆయన కూడ నేర్చుకుంట చెప్పిండు. అందరం పది దాక తెలుగు మీడియం, డిగ్రీల పుస్తకం ఇంగ్లీష్. క్లాసుల సార్ "ఎలాస్టిసిటీ" అంటే రబ్బరు సంగతి అనుకొని రెండు వారాలు విన్నం. ఒకడు పరీక్షల ఇంగ్లీషుల మొదలుపెట్టి మధ్యల తెల్వకనే తెలుగుల రాసి వచ్చిండు. స్కాలర్‌షిప్ పైసలు ఆలస్యమైనయి, పుస్తకాలు కొన్నది సెమిస్టర్ సగమైనంక. ఇంగ్లీష్‌ల పోయినోడు మాత్రం నిజం చెప్పిండు: "నాది సందు కాదు, నేను చదవలేదు. క్రికెట్ ఆడిన." అది కూడ రాయమన్నడు, రాస్తున్నం.

విమానం ఎందుకు పడ్డదో తెల్సింది. పడ్డంక దాని దగ్గరికి ఎవరు పోయిండ్రు అని మా కోయ దోస్తు అడిగిండు. మంచి ప్రశ్న. బర్మా, అస్సాం సరిహద్దుల పడేది అడవిల, కొండల్ల. అక్కడుండేది మన లాంటోళ్ళే. 1942 నుంచి 1945 దాక అమెరికా వాళ్ళు అస్సాం నుంచి హిమాలయాల అంచు మీదుగ చైనాకు సామాన్లు విమానాలల్ల మోసిండ్రు. ఆ దారిని హంప్, అంటే మూపురం, అని పిలిచిండ్రు. దాదాపు 600 విమానాలు ఆ దారిల పోయినయి. 1943 ఆగస్టు 2న ఒక సీ-46 ఇంజన్ చెడిపోయి, లోపలున్న ఇరవై మంది దాక నాగా కొండల మీద పారాచూట్‌లతోని దూకిండ్రు. వాళ్ళల్ల ఎరిక్ సెవరైడ్ అనే రేడియో జర్నలిస్టు ఉన్నడు, జాన్ డేవీస్ అనే అమెరికా దౌత్య అధికారి ఉన్నడు. కో-పైలట్ ఒక్కడే చనిపోయిండు. మిగతావాళ్ళను చూసుకోనీకి ఫ్లికింజర్ అనే డాక్టర్ విమానం నుంచి దూకి వచ్చిండు. తలలు నరుకుతరని అందరూ భయపడే నాగాలే వాళ్ళను ఊరి పక్కన ఉండనిచ్చిండ్రు, తిండి పెట్టిండ్రు. మూడు వారాలకు అందరూ నడిచి బయటికి వచ్చిండ్రు. జర్నలిస్టు పేరు, దౌత్య అధికారి పేరు, డాక్టర్ పేరు, తోలుకపోనీకి వచ్చిన బ్రిటిష్ ఆఫీసర్ ఆడమ్స్ పేరు, అన్నీ చదివినం. తిండి పెట్టిన ఊరోళ్ళ పేర్లు మేం చదివిన దాంట్ల ఒక్కటి లేదు.

అరుణాచల్ అడవుల్ల ఇప్పటికీ ఆ విమానాల ముక్కలు దొరుకుతనే ఉన్నయి. అమెరికా నుంచి ఒకాయన ఇరవై ఏళ్ళుగ వాటిని వెతుకుతున్నడు. దారి చూపేది అక్కడి వేటగాళ్ళు, ఎందుకంటే వాళ్ళు ఎప్పుడో చూసి ఉన్నరు. కొంత రేకు వంట గిన్నెలైంది, కత్తి పిడులైంది. 2023ల పాసీఘాట్‌ల హంప్ మ్యూజియం పెట్టిండ్రు.

ఆ కొండలకు, మన ఆదిలాబాద్‌కు మధ్యల ఒక మనిషి ఉన్నడు, మార్లవాయి దిక్కు మనోళ్ళందరికి ఎర్కే. హైమెండార్ఫ్. జోడేఘాట్ తర్వాత గోండుల సంగతి తెలుసుకోనీకి నిజాం సర్కారు పెట్టిన ఆస్ట్రియా పండితుడు. యుద్ధం మొదలైనప్పుడు శత్రు దేశపోడని అనుమానంగ చూసిన బ్రిటిష్ వాళ్ళే 1944ల ఆయనను అరుణాచల్ సుబన్‌సిరి కొండలకు స్పెషల్ ఆఫీసర్‌గ పంపిండ్రు. 1945ల మళ్ళ హైదరాబాద్ వచ్చిండు. విమానాలు రాలుతున్న ఆ కొండలకూ, గోండు పిల్లలకు బడి పెట్టిన మార్లవాయికీ ఒకే మనిషి నడిచిండన్నది మాకు ఇంతకుముందు తెల్వదు.

సెమినార్ రోజు స్టాఫ్ రూం సారే మార్కులేయనీకి కూర్చున్నడు. మాకు కాళ్ళు వణికినయి. చెప్పుడు మా ఉట్నూరోని వంతు. ఇంగ్లీషుల మొదలుపెట్టి, అతుకు కాడికి వచ్చేసరికి తెలుగుల పడ్డడు, అక్కడ్నించి గోండిల పడతడేమో అని మేం భయపడ్డం. రెండు స్కేలు కర్రలు తెచ్చిండు. ఒక జత సక్కగ ఆనేటట్టు అతికించిండు, ఇంకో జత మధ్యల సన్న సందు పెట్టి అతికించిండు. వెనక బెంచోని చేతికి ఇచ్చి విరువుమన్నడు. సందున్నది పట్టుకోంగనే ఇడిసింది. రెండోది వాడు మోకాలుకు ఆనిచ్చి విరిస్తే కర్ర విరిగింది, అతుకు ఇడవలేదు.

సార్ అడిగిండు, "ఈ కర్ర సంగతి ఎక్కడ చదివిండ్రు?"

"చదవలేదు సార్. మా తాత నాగళ్ళు చేస్తడు."

"వాతావరణం వల్ల కాదంటవ్?"

"వాతావరణం ఉంటది సార్. సందును ఎవరో ఒకరు చూడాలె కదా."

సార్ ఏం అనలేదు. ఇరవైకి పదిహేడు వేసిండు. అందరు పోయినంక ఎకనామిక్స్ ఎవరెవరికి పోయిందని అడిగిండు. శనివారాలు మధ్యాహ్నం రమ్మన్నడు. రెండు శనివారాలు పోయినం, మూడోది ఆయనకు పెండ్లి ఉన్నదని కాలేదు. సప్లిమెంటరీ వచ్చే మంగళవారం. పాసైన ఇద్దరం నలుగురికి మిద్దె మీద చెప్తున్నం, చెప్తుంటేనే మాకు ఎంత రాదో తెలుస్తున్నది.

మీ ఊర్లల్ల పెద్దమనుషులు ఎవరైనా విమానం పడ్డ సంగతి, రేకు దొరికిన సంగతి చెప్తే మాకు రాయండి, ఊరి పేరూ చెప్పిన మనిషి పేరూ ఇడవకుండ.

నిన్న రాత్రి స్పీకర్ పెట్టి ఉట్నూరు తాతకు ఫోన్ చేసినం. కర్ర గాలిమోటరు కథ అంత చెప్పినం. ఆయన మొదట అడిగింది, "ఏం కర్ర?"

బాల్సా అంటే తెల్వదన్నడు. బరువెంత అన్నడు. బూరుగు కంటే తేలిక అని చెప్పినం.

"అతుకుకు మేకులేసిండ్రా, జిగురేనా?"

"జిగురే తాతా."

కొంచెంసేపు మాట రాలేదు. సిగ్నల్ పోయిందనుకున్నం.

"లోపల కూసున్నోళ్ళు పిల్లలేనా?"

"మా ఈడోళ్ళే."

"దండారికి వచ్చేటప్పుడు," అన్నడు తాత, "మీరు బస్సులనే రాండ్రి."